స్టూలెక్కని సోమవారం

మా ఆఫీసు మూడో అంతస్తులో, మీటింగు గది గోడకి మూడు గడియారాలుంటాయి. ఎడమవైపుది ప్రధాన కార్యాలయం టైము, మధ్యది ప్రాంతీయ కార్యాలయం టైము, కుడివైపుది మాది. మూడూ ఒకే సైజు, ఒకే తెలుపు. మూడింటి టిక్కుటిక్కూ ఒక్కసారే వినిపిస్తుంది గాని ఏ ఒక్కటీ పక్కదానితో ఒప్పుకోదు. "అచ్చం మన పెద్దాఫీసర్లలాగే" అంటాడు డ్రైవరు.

వాటికి బ్యాటరీలు వెయ్యడం, దుమ్ము తుడవడం, ఏడాదికి రెండుసార్లు ఎడమవైపుదాని ముల్లు తిప్పడం నా పని. నా ఉద్యోగం కాగితంలో గడియారం అనే మాట ఎక్కడా లేదు. నేను మీటింగుల అసిస్టెంటుని. నాలుగు దేశాల్లో కూర్చున్న పదిమందికి కుదిరే ఒక్క గంటని వెతికి పట్టుకోవడం నేను రోజంతా చేసేది. ఒకళ్ళకి పొద్దుటి కాఫీ వేళ, ఇంకొకళ్ళకి ఇంటికి బయల్దేరే వేళ. ఒకచోట ఆదివారం సెలవు, ఒకచోట శుక్రవారం సెలవు. పదిహేనేళ్ళుగా ఇదే చేస్తున్నందుకు నాకు గంటలమ్మ అని పేరొచ్చింది. అదీ డ్రైవరు పెట్టిందే. ఇంట్లో కూడా మా అమ్మాయి "గంటలమ్మగారూ, కూర మాడుతోంది" అని పిలుస్తుంది.

ఎడమ గడియారం సంగతి కొంచెం చెప్పాలి. ప్రధాన కార్యాలయం ఉన్న దేశంలో వేసవి మొదలయ్యే ఒక ఆదివారం అందరూ గడియారాలు ఒక గంట ముందుకి జరుపుకుంటారు. చలికాలం ముందు మళ్ళీ వెనక్కి. మా దగ్గర ఏమీ మారదు. అందుకని ఆ మర్నాడు, సోమవారం పొద్దున్నే, నేను స్టూలెక్కి ముల్లు తిప్పుతాను. అప్పటిదాకా వాళ్ళకీ మాకూ ఐదు గంటల తేడా. ఆ రోజునుంచి నాలుగు. వాళ్ళ మధ్యాహ్నం పన్నెండు మాకు సాయంత్రం ఐదయ్యేది కాస్తా నాలుగవుతుంది. కిందటేడు తిప్పుతుంటే స్టూలు కాలు ఊడి మోచెయ్యి గీసుకుపోయింది. మా ఆయన నెల్లాళ్ళు నవ్వారు. "పరాయిదేశం గంట కోసం ఒళ్ళు విరగ్గొట్టుకున్న మహా ఇల్లాలు" అని.

ఆయనదీ ఈ సంస్థలోనే ఉద్యోగం. కాకపోతే ఇక్కడికి ఎనిమిది గంటల బస్సు దూరంలో, నది అవతల. అక్కడ మా ఉప కార్యాలయం ఒకటుంది. రెండు గదులు, ఒక గోదాము. ఆయన స్టోరు కీపరు. వరదలొస్తే పంచడానికి టార్పాలిన్లు, దుప్పట్లు, బిందెలు, నీళ్ళలో వేసే బిళ్ళలు, మందుల పెట్టెలు, అన్నీ ఆయన తాళాలగుత్తి కింద ఉంటాయి. వాళ్ళ టైమూ మా టైమూ ఒకటే కాబట్టి గోడమీద వాళ్ళకి గడియారం అక్కర్లేకపోయింది.

"అక్కర్లేకేం? మేం లెక్కలోకి రాలేదని చెప్పు" అనేవారాయన.

ఆ మాటలో నిజం లేకపోలేదు. నెలనెలా జరిగే మీటింగులో వాళ్ళ అంశం ఆఖరిది. ఆఖరి ఐదు నిమిషాలు. ఆ ఐదు నిమిషాలూ వచ్చేసరికి ప్రధాన కార్యాలయం వాళ్ళకి భోజనాల వేళవుతుంది. తెరమీద కాగితాలు సర్దుకుంటూ, కళ్ళజోళ్ళు తీసేస్తూ కనిపిస్తారు. నది అవతలి నుంచి "హలో, హలో, మా మాట వినిపిస్తోందా" అని ఫోను అరుస్తూండగానే, మిగతాది రాసి పంపమని చెప్పి తెర కట్టేస్తారు. ఆ అంశాల జాబితా తయారుచేసేది నేనే. వరస మార్చమని ఎవరూ నన్నడగలేదు. నేనూ మార్చలేదు.

ఎండలు మొదలయ్యాక, రెండు వారాల గడువుతో ఒక కాగితం వచ్చింది. ఉప కార్యాలయం మూసేసి, గోదాములో సామాను ఇక్కడికి తరలించి, అవసరమైనప్పుడు ఇక్కణ్ణుంచే పంపిస్తే సరిపోతుందని. స్టోరు కీపరు, కాపలాదారు, గుమాస్తా ఉద్యోగాలు ఉండవు. కాగితానికి ఒక మ్యాపు జతచేశారు. అందులో వాళ్ళ ఊరికీ మా ఊరికీ మధ్య దూరం నా రెండు వేళ్ళ మందం. నది సన్నటి నీలం గీత. వానాకాలంలో ఆ గీత దాటడానికి పడవ దొరక్క మూడేసి రోజులు గట్టున కూర్చున్న సందర్భాలు మా ఆయన కథలు కథలుగా చెప్పేవారు.

మా సంస్థలో చాలా నిర్ణయాలు మీటింగుల్లో జరగవు. పదిమందినీ ఒక గంటకి పోగెయ్యడం కష్టం కనుక ఇలా కాగితం తిప్పుతారు. ఫలానా శుక్రవారం, ప్రధాన కార్యాలయం టైము ప్రకారం మధ్యాహ్నం పన్నెండులోపు, ఏ ఒక్క ఆఫీసు నుంచైనా రాతమూలకంగా అభ్యంతరం వస్తే ఆ విషయం పెద్ద సమావేశానికి వెళ్తుంది. ఎవరూ ఏమీ అనకపోతే అందరూ ఒప్పుకున్నట్టే.

"మనవాళ్ళు మౌనం అర్ధాంగీకారం అన్నారు. వీళ్ళు మిగతా సగం కూడా కలిపేసుకున్నారు" అని నవ్వారు మా డైరెక్టరుగారు ఆ కాగితం చూసి. నవ్వాక కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు. "రాద్దాం మేడమ్. మనం రాయకపోతే ఇంకెవరూ రాయరు, ఉప కార్యాలయం రాస్తే చెల్లదు. సమావేశానికి వెళ్తే చాలు. అక్కడ వరదల లెక్కలు చూపించవచ్చు. మూసెయ్యడానికి ధైర్యం చెయ్యరు."

ఆ సాయంత్రం ఫోన్లో మా ఆయనకి ఈ మాట చెప్తే, "మీ డైరెక్టరు పిల్లాపాపల్తో చల్లగా ఉండాలి" అన్నారు. ఆయనకి యాభై రెండేళ్ళు. పాతికేళ్ళు గోదాము తాళాలు తప్ప ఇంకేం పట్టుకోని మనిషి. మళ్ళీ ఇంకెక్కడో దరఖాస్తు పెట్టుకుని, మా అమ్మాయి కంటే పదేళ్ళు పెద్దవాళ్ళ ఎదుట ఇంటర్వ్యూకి కూర్చోవడం ఊహించుకోలేకపోయాను.

గడువు వారానికి ముందటి ఆదివారం. ఆయన ఎప్పట్లాగే శనివారం మధ్యాహ్నం వచ్చారు. ఆదివారం సాయంత్రం బస్సుకి వెళ్ళాలి. నేను ఆయన బట్టలు మడిచి సంచీలో పెడుతుంటే పక్కన కూర్చుని ఒక్కొక్కటే బయటికి తీసేస్తున్నారు.

"ఏం చేస్తున్నారు?"

"ఒక్క సోమవారం లీవు పెట్టకూడదుటోయ్? నేనూ పెడతాను. మళ్ళీ ఎప్పుడు కుదురుతుందో ఏమో."

"నాకు రేపు పనుంది."

"నీకు పని లేందెప్పుడు? నువ్వు వెళ్ళకపోతే భూమి తిరగడం మానేస్తుందా?"

పెట్టాను. రిసెప్షన్‌లో ఉండే అమ్మాయికి ఫోను చేసి రానని చెప్పాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మేమిద్దరం ఊరికే ఇంట్లో ఉన్న సోమవారం అదొక్కటే. పెద్దగా చేసిందేం లేదు. అమ్మాయి స్కూలుకి వెళ్ళాక ఆయన వంటింట్లో కారుతున్న కుళాయికి వాషరు మార్చారు. రెండుసార్లు టీ తాగాం. భోజనం చేసి, కిటికీ తెర దించి, ఇద్దరం పడుకుని నిద్రపోయాం. లేచేసరికి నాలుగు. ఆఫీసులో అయితే మా నాలుగింటికి ఎక్కడెక్కడ ఎంతయిందో నాకు గుర్తుంటుంది. ఆ రోజు ఇంట్లో ఎంతయిందో అంతే అయింది.

మంగళవారం ఆఫీసుకి వెళ్తే బల్లమీద కాగితాలు గుట్టగా ఉన్నాయి. రిసెప్షన్‌లో రోజుకో కాగితం చింపే క్యాలెండరు ఒకటుంటుంది. మర్చిపోకూడని పనులు నేను దానిమీద రాసుకుంటాను. శుక్రవారమే సోమవారం కాగితం మీద పెన్సిల్‌తో "గడియారం" అని రాసిపెట్టుకున్నాను. నేను వెళ్ళేసరికి అది మంగళవారం చూపిస్తోంది. దానిమీద ఏమీ రాసిలేదు. నాకేమీ గుర్తుకు రాలేదు.

ఆ వారం ప్రధాన కార్యాలయం వాళ్ళంతా ఏదో వార్షిక సభలో ఉన్నందువల్ల మీటింగులు లేవు. బుధవారం మాత్రం అక్కడినుంచి ఒకాయన వాళ్ళ పదింటికి, అంటే మా మూడింటికి ఫోను చేస్తానని ముందే చెప్పాడు. నేను భోజనం డబ్బా కడుక్కుని రెండుంబావుకి వచ్చేసరికి రిసెప్షన్ అమ్మాయి ఒక చీటీ చేతికిచ్చింది.

"ఆయన గంట ముందే చేసేశాడక్కా. మీరు లేరంటే విసుక్కున్నాడు."

"ఏం తొందరో మహానుభావుడికి" అని ఆ చీటీ మేకుకి గుచ్చేశాను.

గురువారం సాయంత్రానికి అభ్యంతరం ఉత్తరం తయారైంది. కాని డైరెక్టరుగారు సంతకం పెట్టలేదు. ప్రాంతీయ కార్యాలయంలో తన పైఅధికారికి ఒక మాట చెప్పకుండా ప్రధాన కార్యాలయానికి ఎదురుచెప్పడం బాగుండదన్నారు. ప్రాంతీయ కార్యాలయంలో శుక్ర, శనివారాలు సెలవులు. గురువారం సాయంత్రమే అందరూ వెళ్ళిపోయారు. శుక్రవారం పొద్దుటినుంచీ నేను ఆ పైఅధికారి సెల్లుకి ఫోను చేస్తూనే ఉన్నాను. మోగుతోంది, ఎత్తడు.

ఒంటిగంటకి రోజూలాగే మా ఆయన ఫోను.

"వెళ్ళిందా?"

"ఇంకా లేదు. ఐదింటిదాకా టైముంది. ఖంగారు పడకండి."

"నాకేం ఖంగారు? గంటలమ్మ చేతిలో పడ్డాక గంట తప్పుతుందా?"

డైరెక్టరుగారు మీటింగు గదిలోనే కూర్చుని నిమిషానికోసారి ఎడమ గడియారం వైపు చూస్తున్నారు. అది పదీ యాభై చూపిస్తుండగా ఆ పైఅధికారి ఫోనెత్తాడు. ఎక్కడో బజారులో ఉన్నట్టున్నాడు. పిల్లలు అల్లరి చేస్తున్నారు. "పంపండి పంపండి, దీనికి నన్నెందుకు అడగడం" అన్నాడు. డైరెక్టరుగారు నిట్టూర్చి, ఉత్తరం మళ్ళీ ఒకసారి చదివారు. రెండు వాక్యాలు మెత్తబరిచారు. టీ తెప్పించుకున్నారు. "ఇంకా ముప్పావుగంట ఉంది మేడమ్, నిదానంగా చూసి పంపండి" అన్నారు. నిదానంగానే చూశాను. సంఖ్యలు సరిచూశాను. ఎడమ గడియారం పదకొండు ఇరవై చూపిస్తుండగా పంపాను.

వెంటనే, ఉత్తరం అందినట్టు అక్కడినుంచి ఒక జవాబు దానంతటదే వచ్చింది. అందిన సమయం పన్నెండు ఇరవై అని ఉంది.

తలెత్తి గోడవైపు చూశాను. పదకొండు ఇరవై ఒకటి. మళ్ళీ జవాబు చూశాను. లేచి వెళ్ళి మేకుకి గుచ్చిన చీటీ లాగాను. గంట ముందే ఫోను చేసినాయన పేరు దానిమీద ఉంది. వెనక్కి తిప్పాను. రిసెప్షన్ అమ్మాయి పొదుపరి. పాత క్యాలెండరు కాగితాల వెనకవైపు చీటీలుగా వాడుతుంది. సోమవారం తేదీ. కింద నా పెన్సిల్ అక్షరాలు. "గడియారం."

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు. నాకు పట్టుకోవడానికి ఆకులు కూడా లేవు. ఆ కాగితం పట్టుకునే డైరెక్టరుగారి గదిలోకి వెళ్ళాను.

ఆయన అంతా విన్నారు. కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది.

"సార్, ఒక్కసారి ఫోను చేసి చెప్తే ఇరవై నిమిషాలే కదా, చూస్తారేమో. తప్పు నాదని చెప్పండి."

"తప్పు ఎవరిదైనా వాళ్ళకి కనిపించేది మన ఆఫీసేనమ్మా." అప్పటిదాకా నన్ను మేడమ్ అనే పిలిచేవారు. "గడియారం చూసుకోవడం రాని ఆఫీసు అంటారు. ఇవాళ నది అవతలి ఆఫీసు కాగితం వచ్చింది. రేపు మన కాగితం రాదని ఏముంది? ఇక్కడ ఇరవై ఇద్దరున్నారు."

"అక్కడ మా ఆయన ఉన్నారు సార్."

"తెలుసు. అందుకే చెప్తున్నాను. ఆ సంగతి వాళ్ళు పట్టుకుంటే అసలుకే మోసం." కాసేపు బల్ల అంచు రుద్దారు. "గడువు దాటాక ఉత్తరం పంపారని రికార్డులో ఉండటం కంటే, పంపలేదని ఉండటం నయం. వెనక్కి తీసుకుంటున్నామని రాయండి."

రాశాను. రెండు లైన్లు. పొరపాటున పంపిన ఉత్తరాన్ని ఉపసంహరించుకుంటున్నామని. నా వేళ్ళు నాకంటే ముందే టైపు చేసేశాయి. ఇలాంటి లైన్లు వాటికి అలవాటు.

శనివారం మధ్యాహ్నం మా ఆయన వచ్చారు. చెప్పులు విప్పుతూనే, "పంపాడా మీవాడు?" అన్నారు.

"పంపారు. ముందు భోంచెయ్యండి."

"మరింకేం!" ఆయన మొహం విప్పారింది. అమ్మాయిని పిలిచి సంచీలోంచి ఏవో పెన్నులు తీసిచ్చారు. కంచం ముందు కూర్చుని ఆగకుండా మాట్లాడుతున్నారు. కాపలాదారు వారంనుంచీ తిండి సరిగ్గా తినడం లేదట. "ఏమీ కాదురా, మా ఆవిడ అక్కడ ఉంది, ఆవిడ కన్ను తప్పించుకుని ఒక్క నిమిషం కూడా జారిపోదు అని చెప్పాను వాడికి" అన్నారు.

కూర వడ్డిస్తున్న గరిటె గిన్నెలో పెట్టేశాను.

"ఉత్తరం గడువు దాటాక వెళ్ళిందండీ."

"దాటాక అంటే?"

"ఇరవై నిమిషాలు."

"ఇరవై నిమిషాలేనా? మా గోదాము తాళం తుప్పు వదిలి తెరుచుకోడానికే ఇరవై నిమిషాలు పడుతుంది. ఫోను చేసి అడగలేకపోయారా?"

"వెనక్కి తీసుకోమన్నారు డైరెక్టరుగారు. రికార్డులో ఉండకూడదని."

"ఎవరు తీసుకున్నారు?"

"నేనే టైపు చేశాను."

ఆయన తినడం ఆపలేదు. రెండు ముద్దలు నమిలారు. ప్రాంతీయ కార్యాలయం వాడు ఫోనెత్తలేదనీ, డైరెక్టరుగారు ఆగారనీ నేను చెప్పుకుపోతున్నాను. అన్నీ నిజాలే. "పిరికిపంద" అన్నారు డైరెక్టరుగారిని. అక్కడితో ఆగిపోతుందేమో అనుకున్నాను. ఆగిపోతే బాగుండునని కూడా అనుకున్నాను. నా తప్పు దాచుకోవాలన్న బాధ ఒక్కటే అయితే అప్పుడే చెప్పేసేదాన్ని. ఆ తప్పుకి ఇంకో కొస ఆయన చేతిలో ఉంది.

"ఎన్నింటికి పంపారు?"

"నాలుగూ ఇరవైకి."

"ఐదుదాకా ఉందన్నావుగా? ఒంటిగంటకి నేను ఫోను చేసినప్పుడు కూడా అన్నావు."

"అన్నాను."

ఆయన పాతికేళ్ళ స్టోరు కీపరు. ఒక బిందె తగ్గితే ఎక్కడ తగ్గిందో తేలేదాకా నిద్రపోరు. ఎడమచేతి బొటనవేలు మిగతా వేళ్ళ కణుపుల మీద మెల్లగా నడవడం మొదలుపెట్టింది. ఐదు, నాలుగు. నాకు తెలుసు ఎక్కడికి వెళ్తోందో. లేచి మంచినీళ్ళు తెచ్చాను.

"అక్కడ టైము మార్చేది ఈ వారమే కదూ" అన్నారు.

"ఊఁ."

"స్టూలు..." అన్నారు. "ఏటా నువ్వు స్టూలెక్కేది సోమ..."

మిగతాది ఆయన నోట్లోనే ఉండిపోయింది. నా మొహంలోకి చూడలేదు. వంటింటి కుళాయి వైపు చూశారు. వారంనుంచీ అది ఒక్క చుక్క కూడా కారలేదు.

పక్కగదిలోంచి అమ్మాయి కొత్త పెన్నుతో ఏదో రాసుకుంటూ కేకేసింది. "నాన్నా, ఈసారి కూడా సోమవారం ఉండిపోరాదూ? నేనూ స్కూలు మానేస్తా!"

"లేదమ్మా" అన్నారాయన. కంచంలో మిగిలింది మధ్యకి కూడదీసి, తినకుండా చెయ్యి కడుక్కున్నారు. "గోదాములో పనుంది."

ఆ పూటంతా నన్నొక్క మాట అనలేదు. తననీ అనుకోలేదు. నేను పక్కన కూర్చుంటే కొంచెం జరిగి చోటిచ్చారు. ఆదివారం సాయంత్రం వెళ్ళాల్సిన మనిషి పొద్దున్నే తయారయ్యారు. సంచీ నేను సర్దాను. ఈసారి దేన్నీ బయటికి తియ్యలేదు. గుమ్మంలో నిలబడి, "వచ్చే శనివారం కుదరకపోవచ్చు. సామాను కట్టించాలి" అన్నారు.

"మీరు రమ్మంటే నేనే వస్తాను."

"ఎనిమిది గంటలు. నీకెందుకు శ్రమ" అన్నారు.

సోమవారం పొద్దున్న అందరికంటే ముందు ఆఫీసుకి వెళ్ళాను. స్టూలు తెచ్చుకుని గోడకి ఆనించి, కాలు సరిగ్గా ఉందో లేదో చూసి ఎక్కాను. గడియారం దించి వెనకనున్న చక్రం తిప్పాను. ముల్లు ఒక చుట్టు తిరిగింది. దాన్ని మళ్ళీ మేకుకి తగిలించి, వంకర లేకుండా సర్ది దిగాను.

పన్నెండున్నరకి నిర్ణయం కాగితం వచ్చింది. ఏ ఆఫీసు నుంచీ అభ్యంతరం రానందున ప్రతిపాదన ఆమోదం పొందినది. ఫైల్లో పెట్టి నంబరు వేశాను. ఒక కాపీ నది అవతలికి పంపాను. స్టోరు కీపరు గారికి అని పైన రాసి.

ఒంటిగంటకి భోజనం డబ్బా తెరిచి ఫోను పక్కన పెట్టుకున్నాను. ఒంటిగంటా పది అయింది. ఇరవై అయింది. రిసెప్షన్ అమ్మాయి తన డబ్బా పట్టుకుని వచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఏంటక్కా, ఇవాళ అన్నయ్యగారి ఫోను రాలేదే?"

"లైను దొరకలేదేమో" అన్నాను.

"అక్కడింకా ఒంటిగంట అవలేదేమో" అని నవ్వింది.

అక్కడికీ ఇక్కడికీ టైము ఒకటే. ఆ మాట ఆ పిల్లకి చెప్పలేదు. డబ్బా మూతపెట్టి, ఫోను మాత్రం అక్కడే ఉంచాను.